ఫలితాల పట్టికలో మన లెక్క ఎక్కడ?

(జహీరాబాద్‌లో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలు ముగిసిన మర్నాడు పత్రికల్లో ఒక పట్టిక వస్తుంది. ఏ పార్టీ వాళ్లు ఎందరు గెలిచారు, ఏ జిల్లాలో ఎవరిది పైచేయి అన్నదే అందులో ఉంటుంది. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడూ ఆ పట్టికే వచ్చింది. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. అయినా గెలిచిన సర్పంచులందరినీ పార్టీలకు పంచి మరీ లెక్క చెప్పారు. స్త్రీల గురించి ఉంటే గింటే ఒక్క వాక్యం: "సగం మంది మహిళలే." హైదరాబాద్ మహానగర కార్పొరేషన్‌కు 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు కూడా ఇంతే. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 అని నెల రోజుల పాటు చర్చ జరిగింది. 150 డివిజన్లలో సగం స్త్రీలకు కేటాయించినవే. ఆ గెలిచిన స్త్రీలు ఎవరు, ఏ బస్తీల నుంచి, ఏ కులాల నుంచి వచ్చారు అన్న చర్చ మాత్రం ఎక్కడా సాగలేదు.

సగం అన్న మాట అబద్ధం కాదు. కాని ఆ అంకె చట్టంలో ముందే రాసి ఉంది. ఓట్లు లెక్కపెట్టక ముందే మనకు తెలిసిన అంకెను ఫలితం అనలేం. స్త్రీల వైపు నుంచి చూస్తే అసలు ఫలితం ఏమిటి, దాన్ని ఎక్కడ వెతకాలి అన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

ముందుగా, ఈ సగాన్ని తక్కువ చేసి చూడవద్దని మనవి. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పంచాయతీల్లోనూ మునిసిపాలిటీల్లోనూ కనీసం మూడోవంతు స్థానాలు, పంచాయతీల్లో మూడోవంతు అధ్యక్ష పదవులు స్త్రీలకు దక్కాలన్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో ఎన్నికలు జరిగాయి. వేలాదిమంది స్త్రీలు, వాళ్లలో కూలికి పోయే దళిత స్త్రీలు, మొదటిసారి పంచాయతీ ఆఫీసు గడప దాటి లోపల కూర్చున్నారు. 2011లో ఉమ్మడి రాష్ట్రం ఆ మూడోవంతును సగం చేసింది. 2013 పంచాయతీ ఎన్నికలు ఆ లెక్కన జరిగాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2018 పంచాయతీరాజ్ చట్టంలోనూ, 2019 మునిసిపాలిటీల చట్టంలోనూ ఆ సగం నిలిచింది.

చట్టం లేని చోట ఎంత కాలం పడుతుందో చూడాలంటే ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరాన్ని చూడండి. అక్కడి కౌన్సిల్‌లో 96 స్థానాలు. ఎన్నికలు జరిగే ఏడాది మామూలుగా మూడోవంతు స్థానాలకే పోటీ ఉంటుంది. ఆ దేశపు పట్టణాల్లో సొంతంగా పన్ను కట్టే ఒంటరి స్త్రీలకు 1869లోనే మునిసిపల్ ఓటు వచ్చింది. పోటీ చేసే హక్కు 1907 దాకా రాలేదు. 1908లో మార్గరెట్ ఆష్టన్ మాంచెస్టర్ కౌన్సిల్‌లో మొదటి స్త్రీగా అడుగు పెట్టింది. కౌన్సిల్‌ను నిజంగా నడిపించే నాయకత్వ పదవిలోకి ఒక స్త్రీ, బెవ్ క్రెయిగ్, రావడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 113 ఏళ్లు. మన హైదరాబాద్‌కు 1962లోనే రాణి కుముదినీ దేవి మేయరయ్యారు. కాని సంస్థాన కుటుంబపు స్త్రీ మేయర్ కావడం వేరు, బస్తీలో ఇళ్లల్లో పని చేసుకునే స్త్రీ కార్పొరేటర్ కావడం వేరు. ఆ రెండో దానికి దారి తెరిచింది రిజర్వేషనే.

అందుకే ఆ సగాన్ని కాపాడుకుంటూనే, అది చేతికి అందకుండా ఏయే చోట్ల జారిపోతోందో వెతకాలి. నాకు నాలుగు చోట్లు కనిపిస్తున్నాయి.

ఏకగ్రీవం

2025 డిసెంబరు ఎన్నికల్లో వెయ్యికి పైగా గ్రామాల్లో సర్పంచు పదవికి పోటీయే లేదు. దీన్ని ఊరి ఐక్యత అని మెచ్చుకుంటారు. ప్రభుత్వాలు బహుమానం కూడా ప్రకటిస్తూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామన్నారు. తెలంగాణలో 2019 ఎన్నికల ముందు 10 లక్షల మాట వినబడింది. ఊళ్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒక మనిషిని ఎంచుకుంటే మంచిదే. కాని ఆ కూర్చునేది ఎక్కడ? రచ్చకట్ట మీదో, గుడి దగ్గరో, పెద్దమనుషుల ఇంట్లోనో. ఆ వేళకు ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు. స్త్రీకి కేటాయించిన పదవిని ఏ స్త్రీ పేరున పెట్టాలో మగవాళ్లు తేల్చేస్తారు. కొన్ని ఊళ్లలో పదవిని వేలం వేసి, పాట పాడినవాడి భార్య చేతనో తల్లి చేతనో నామినేషన్ వేయిస్తున్నారు. వేలం చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘం ప్రతిసారీ చెబుతుంది. ప్రతిసారీ వేలం వార్తలు వస్తూనే ఉంటాయి.

పోటీ ఉంటే ఒక స్త్రీ ఓడిపోవచ్చు. అయినా ఇల్లిల్లూ తిరిగి తన మాట తాను చెప్పుకుంటుంది. ఏకగ్రీవంలో ఆ అవకాశమే పోతుంది. కాబట్టి ఫలితాలు చదివేటప్పుడు మొదట అడగవలసింది: ఏకగ్రీవమైన ఊళ్లలో స్త్రీలకూ దళితులకూ కేటాయించినవి ఎన్ని?

ఎవరిని నిలబడనివ్వలేదు

రెండోది నామినేషన్ దశ. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి అనర్హులని 1994 చట్టం అన్నది. బిడ్డల్ని ఎందరిని కనాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మన ఊళ్లలో ఎందరు స్త్రీలకుంది? కొడుకు పుట్టేదాకా కనమని అత్తవారిల్లు అంటుంది. కన్నందుకు పోటీకి పనికిరావని చట్టం అంటుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఎలా పనిచేసిందో నిర్మలా బుచ్ అధ్యయనం చేశారు. భార్యల్ని వదిలేయడం, పిల్లల్ని దత్తతకిచ్చినట్టు చూపడం, గర్భస్రావాలు, ఇవన్నీ అందులో బయటపడ్డాయి. హర్యానాలోని ఇలాంటి నిబంధన మీద 2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే, పిల్లల విషయంలో స్త్రీ మాట చెల్లదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ నిబంధన పోయింది. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో తీసేసింది. తెలంగాణ 2025 పంచాయతీ ఎన్నికల ముందు తీసేసింది. సంతోషమే. కాని ఆంధ్రప్రదేశ్‌లో తీసేసేటప్పుడు చెప్పిన కారణం చూడండి. జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనాలి అన్నారు. నిబంధన పెట్టినప్పుడు జనాభా ఎక్కువైందన్నారు, తీసినప్పుడు తక్కువైందన్నారు. మూడు దశాబ్దాల పాటు ఆ నిబంధన వల్ల నామినేషన్ వేయలేకపోయిన స్త్రీల ఊసు ఎవరూ ఎత్తలేదు. వాళ్ల పేర్లు ఏ ఫలితాల పట్టికలోనూ లేవు.

బీసీ స్త్రీల విషయమూ ఇక్కడే చెప్పాలి. 42 శాతం బీసీ రిజర్వేషన్ల ఉత్తర్వును 2025 అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది. దాంతో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండా ఎన్నికలు జరిగాయి. దీన్ని పార్టీల గొడవగానే చూశారు. బీసీల వాటా తగ్గితే అందులో సగమైన బీసీ స్త్రీల వాటా కూడా తగ్గిందన్న సంగతి మనం తప్ప ఎవరంటారు?

సంతకం ఎవరిది

మూడోది, గెలిచాక పెత్తనం ఎవరిదన్నది. సర్పంచు పేరు ఆమెది, "సర్పంచ్ సాబ్" అన్న పిలుపు ఆమె భర్తది. మన ప్రాంతంలో మీ అందరికీ తెలిసినదే. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ 2025లో ఈ భర్తల పెత్తనానికి కఠినమైన శిక్షలు ఉండాలని సిఫారసు చేసింది. శిక్ష అంటే ఎవరికి? పదవి పోతే ఆమెదే పోతుంది. అతనికి పోయేదేముంది?

భర్త సంగతి అందరూ మాట్లాడతారు. చట్టంలోనే ఉన్న ఇంకో ముడి గురించి ఎవరూ మాట్లాడరు. 2018 చట్టం కింద పంచాయతీ చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు కూడా సంతకం చేయాలన్నారు. సర్పంచు పదవికి రిజర్వేషన్ ఉంది. ఉపసర్పంచు పదవికి లేదు. 2019లో దళిత స్త్రీ సర్పంచుగా గెలిచిన ఊళ్లో భూములున్న కులపు మగవాడు ఉపసర్పంచు అయితే ఏమయ్యేది? మోరీ పనికైనా, నీళ్ల మోటారు రిపేరుకైనా అతని సంతకం కోసం ఆమె అతని వాకిట్లో నిలబడాలి. గడప బయట నిలబెట్టే అలవాటు ఉన్న వాకిలి అది. రిజర్వేషన్‌తో ఇచ్చిన అధికారాన్ని రెండో సంతకంతో వెనక్కి తీసుకున్నట్టే కదా.

ఉపసర్పంచును వార్డు సభ్యులు తమలోంచే ఎన్నుకుంటారు. ఓట్ల లెక్క అయిన రోజే ఈ ఎన్నికా జరుగుతుంది. సభ్యుల్లో సగం మంది స్త్రీలే. వాళ్లు ఒక్కమాట మీద ఉంటే ఉపసర్పంచు కూడా స్త్రీయే కాగలదు. ఆ పూట వాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేక, మగవాళ్లు చెప్పిన పేరుకు చెయ్యెత్తి ఇంటికి వెళ్తున్నారు.

ఎన్నికే జరగకపోతే

నాలుగోది, ఎన్నిక జరగకపోవడం. తెలంగాణ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. తిరిగి సర్పంచులు వచ్చింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గాలు లేనందువల్ల కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. ఆ కాలంలో స్త్రీల వాటా సగం కాదు, సున్నా. అంతకు ముందు గెలిచినవాళ్లు చేయించిన పనుల బిల్లులు రాక రోడ్డెక్కారు. పట్టణాల్లోనూ ఇదే. 2020 జనవరిలో రాష్ట్రమంతా మునిసిపల్ ఎన్నికలు జరిగితే ఆ జాబితాలో జహీరాబాద్ లేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి ఈ ఊరు కౌన్సిల్ లేకుండానే నడిచింది. నల్లా నీళ్లు రాకపోతే కాలనీ స్త్రీలు ఎవరిని అడగాలి? కార్పొరేటరునో కౌన్సిలరునో వీధిలో ఆపి అడగగలం. అధికారిని ఆపలేం.

ఈ ప్రాంతంలో దీని బరువు ఇంకా ఎక్కువ. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకోవాలన్న పథకం ఉంది. మీ జొన్న చేలు, పప్పు చేలు అందులో ఉన్నాయి. పట్టా చాలాచోట్ల మగవాడి పేరునే ఉంటుంది. భూమి పోతే పరిహారం అతని ఖాతాలో పడుతుంది. కలుపుతీత, కోత, విత్తనం దాచడం అన్నీ చేసిన స్త్రీకి మాట్లాడటానికి మిగిలిన చోటు గ్రామసభ ఒక్కటే. రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని చట్టం చెబుతోంది. దాన్ని జరిపించవలసింది సర్పంచు. ఆ కుర్చీలో ఎవరున్నారు, అసలు ఎవరైనా ఉన్నారా అన్నది మీ భూమికి సంబంధించిన ప్రశ్న.

ఏం చేయగలం?

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామంలో 1995లో ఫాతిమా బీ సర్పంచు అయింది. పొదుపు సంఘాల స్త్రీలతో కలిసి ఊరి పనులు చేయించింది. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పురస్కారం అందుకుంది. ఆమె ధైర్యం ఆమెదే. కాని ఆమె వెనుక సంఘం ఉంది. మీకూ సంఘాలున్నాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుగా నలభై ఏళ్లుగా ఇక్కడి దళిత స్త్రీలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు. 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడుపుకున్నారు. విత్తనాల లెక్క కంఠతా చెప్పగల స్త్రీలకు ఎన్నికల లెక్క కష్టం కాదు.

అందుకని మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి సంఘం తన ఊరి ఫలితాన్ని ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. సీటు ఎవరికి కేటాయించారు, ఎందరు నామినేషన్ వేశారు, ఎవరు ఎందుకు ఉపసంహరించుకున్నారు, ఏకగ్రీవమైతే ఎవరి ఇంట్లో తేల్చారు, ఉపసర్పంచు ఎవరు. యాభై ఊళ్ల నోటుబుక్కులు ఒకచోట చేరితే ఏ పత్రికా వేయని పట్టిక మన చేతిలో ఉంటుంది. రెండు, స్త్రీ సర్పంచు చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడూ, మండల ఆఫీసుకు వెళ్లేటప్పుడూ సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లాలి. భర్త వెంట వెళ్లవద్దని ఆమెకు చెబితే చాలదు, మనం వెంట ఉండాలి. మూడు, సంతకం అధికారమున్న పదవికి రిజర్వేషన్ ఉండాలనీ, గడువు ముగిసేలోపు ఎన్నికలు జరపాలనీ డిమాండ్ చేయాలి. రాజ్యాంగం అయిదేళ్లకు మించి ఆగవద్దనే చెబుతోంది.

పక్క గదిలో ఖాళీ నోటుబుక్కులు పెట్టి ఉన్నాయి. భోజనాలకు లేచే ముందు ఊరికొకటి తీసుకోండి. ఈసారి కలిసినప్పుడు వాటిలో రాసినదాని మీదే మాట్లాడుకుందాం.