నోరులేని జీవములకు విశ్రాంతి



విశ్రాంతి దినపు ఆజ్ఞను మనము చిన్ననాటనే కంఠస్థము చేసితిమి. అందులో మన పశువులకును పాలు కలదని మాత్రము తరచుగా మరచుచున్నాము.

1824లో లండనులో జంతుహింస నివారణ సమాజమును స్థాపించినవారిలో ముఖ్యుడైన ఆర్థర్ బ్రూమ్ ఒక పాదిరి. ఆ పనికొరకు ఆయన తన కాపరిత్వమును విడిచెను. సమాజపు అప్పులకుగాను 1826లో చెరసాలకు వెళ్లెను.

మన దేశములో 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చినది. 1965 నాటి నిబంధనల ప్రకారము బండి ఎడ్లచేత దినమునకు 9 గంటలు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 మొదలు 3 వరకు బండి కట్టరాదు.

అయినను మన గుడి ప్రహరీ కట్టిన వేసవిలో ఏమి చేసితిమి? ఇసుక తోలిన ఎడ్లు నడియెండలో నురుగులు కక్కుచుండగా, మనము నీడను కూర్చుండి లెక్కలు చూచుకొంటిమి. బండివానిని నిందింపలేము. అతడు పేదవాడు, ఎడ్లను విప్పినచో కూలి తగ్గునని భయపడెను. ఆ కూలి మనము ఇచ్చియుండవచ్చును.

కావున ఇకమీదట మన పనికి వచ్చు ప్రతి బండికి ఆ మూడు గంటల కూలి మనమే చెల్లింతము. తొట్టిలో నీరు, చెట్టు నీడ సిద్ధపరతము. విశ్రాంతిని గూర్చి బోధించు మనము దాని వెలను పేదవానిపై మోపుట న్యాయము కాదు.