కొత్తమాస దాటినంక పాత పుస్తకం విప్పినం
(సమాఖ్య వార్షిక మహాసభలో మాట్లాడిన మాటలు, ఏప్రిల్ 2025)



మమ్ములను వసంత కాలం, కొత్త ఆరంభం అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నరు. మేము పదో తరగతి వరకు చదివినోళ్లం. కోయిల గురించి మంచిగ చెప్పేటోళ్లు వేరే ఉన్నరు. మాకు ఎక్కువ తెలిసింది లెక్కల పుస్తకం. అందుకని ఈ ఉగాదికి మా సంఘం పుస్తకంలో ఏం జరిగిందో అదే చెప్తం. కొంచెం సిగ్గుపడే ముచ్చట కూడా ఉన్నది, అయినా చెప్తం.

మా ఊరు ధర్మపురి దిక్కు, గోదావరికి ఇవతల. మా సంఘంలో 12 మందిమి. అందులో సగం మంది పుట్టిండ్లు రాయపట్నం వంతెన దాటి అవతల, లక్షెట్టిపేట, జన్నారం దిక్కు ఉన్నయి. పాత లెక్కల చెప్పాల్నంటే సగం కరీంనగరు, సగం ఆదిలాబాదు. అవతలోళ్లకు వసంతం అడవిల నుంచి వస్తది. కాముని పున్నమికి మోదుగుపూలు తెచ్చి నీళ్లల్ల ఉడికించి రంగు చేస్తరు. ఆ వెనుకనే ఇప్పపువ్వు రాలుడు షురూ అయితది. తెల్లారకముందే గంప పట్టుకొని పోవాలె. ఇప్పపువ్వును ఎవరూ తెంపరు, రాలిందే ఏరుకుంటరు. ఇవతలోళ్లకు యాప పూత, మామిడి పిందె, పొలంల యాసంగి వరి. మనలో చానామందికి మాత్రం ఏ కాలమైనా చేతుల బీడీల చాట ఉండనే ఉంటది. ఎండలు ముదిరితే ఆకు తొందరగా ఎండిపోతది, తడిబట్ట కప్పుకుంట కూసోవాలె. మాకు వసంతం అంటే అదీ ఒక గుర్తు.

కానీ మన దిక్కు పెద్దోళ్లకు ఉగాది అంటే పచ్చడి, బచ్చాలు మాత్రమే కాదు. ఉగాది అంటే లెక్క. జీతముండేటోళ్లకు ఉగాది నుంచి ఉగాదికే ఏడాది. ఇన్ని గింజలు, ఒక చెప్పుల జత, ఒక గొంగడి అని మాట్లాడుకునేది అప్పుడే. పోయినేడు తీసుకున్న అప్పు ఎంత, తీరింది ఎంత, మిగిలింది ఎంత అని చూసేది కూడా అప్పుడే. చూసేది పటేలు ఇంట్ల, రాసేటోడు వాళ్ల మనిషి. మిగిలిన బాకీని కొత్త ఏడు మీదికి ఎక్కించి మళ్ల జీతం పెట్టుకునేటోళ్లు. వెట్టి కట్టుబానిసత్వం రద్దు చేసుకుంట దేశంలో చట్టం వచ్చింది 1976లో. అంతకుముందు ముచ్చట్లు మా ఇండ్లల్ల ముసలోళ్లు ఇంకా చెప్తరు. కొత్త సంవత్సరం వచ్చేది, పాత బాకీ కొత్తగా రాసుకునుడే అయ్యేది.

ఇప్పుడు ఈ ఏడాది సంగతి. మార్చి 29 శనివారం కొత్తమాస. 30 ఆదివారం ఉగాది. 31 సోమవారం రంజాన్ పండుగ. అదే 31 మన లెక్కల ఏడాదికి ఆఖరు దినం. ఇన్ని ఒక్కసారి కలుస్తయా? మేము పండుగ పూట కూసోవద్దు అనుకున్నం గానీ కూసోక తప్పలేదు. మా సంఘానికి బ్యాంకు బకాయి ఉన్నది.

బకాయి మా దగ్గర ఒక చెల్లె పేరు మీద ఉన్నది. ఆమె పుట్టిల్లు జన్నారం దిక్కు. భర్త గల్ఫుకు పోయి జబ్బు చేసి తిరిగొచ్చిండు. పోయిన ఎండాకాలం నుంచి ఆయన పని చేస్తలేడు. ఆమె నెల వాయిదా 2,600 రూపాయలు. నవంబరు నుంచి మార్చి దాకా అయిదు నెలలు కట్టలేదని మా పుస్తకంల ఉన్నది, అంటే 13,000. సంక్రాంతి తర్వాత ఆమె మీటింగుకు వచ్చుడు బంద్ చేసింది. పిలవడానికి మేము ఒకసారి పోయినం, తలుపు తీయలేదు. రెండోసారి పోలేదు. బోరింగు కాడ, రేషను దుకాణం కాడ మాత్రం ఆమె ముచ్చటే పెట్టినం. ఆమెను తీసేసి కొత్త సభ్యురాలిని చేర్చుకుందాం, కొత్త లింకేజీకి అడుగుదాం అని తీర్మానం కూడా సగం రాసిపెట్టినం. "కొత్త ఏడాది కొత్తగ మొదలుపెడదాం" అన్న మాట అప్పుడు మా నోట్లనుంచే వచ్చింది.

ఉగాది నాడు పొద్దుగూకే యాళ్లకు గ్రామ సంఘం గదిల కూసున్నం. కొత్త కుండల పచ్చడి కలుపుకొని తెచ్చినం. మన దిక్కు పచ్చడి తాగేటట్టే ఉంటది గదా, చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ, యాపపువ్వు, కొంచెం పుట్నాల పొడి. మా ముస్లిం అక్క రోజా ఉన్నది. తన గ్లాసుకు మూత పెట్టి ఇఫ్తారుకు పక్కన పెట్టుకున్నది. ఆ చెల్లెను ఆమె అత్త తోలుకొని వచ్చింది. గోడకు ఆనుకొని కూసున్నది, ఎవరి దిక్కూ చూడలేదు.

తీర్మానం చదువుదాం అనుకుంటుంటే మా పెద్దమ్మ ఆపింది. ఆమెకు చదువు రాదు, సంఘం పెట్టిన నాటి నుంచి వేలిముద్రే. "మా మామ లెక్క గూడ ఉగాది నాడే చూసేటోళ్లు. ఎన్నడూ సదివి వినిపించలేదు, బాకీ ఇంత అని చెప్పేటోళ్లు. మీరు పది సదివిండ్రు గదా బిడ్డా. తీర్మానం తర్వాత, ముందు పుస్తకం సదువుండ్రి. అందరిదీ సదువుండ్రి" అన్నది.

అందరిదీ చదివినం. పొదుపు పుస్తకం, అప్పు పుస్తకం, 12 మంది పాసుబుక్కులు ముందర పెట్టుకొని ఒక్కొక్క నెల గట్టిగ చదివినం. రెండు గంటలు పట్టింది.

నవంబరు, డిసెంబరు వాయిదాలు ఆ చెల్లె కట్టింది. ఇంటికి వచ్చి మా చేతికే ఇచ్చింది. ఆమె పాసుబుక్కుల మా సంతకం ఉన్నది. సంఘం పుస్తకంల మాత్రం ఆ 5,200 కింది గీతల ఉన్న ఇంకో అక్క పేరు మీద పడ్డయి. బ్యాంకుకు పోయిన మొత్తం సరిగ్గనే ఉన్నది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పుస్తకం ఏ నెలకానెల రాయకుండ మూడు నెలలది ఒక్కసారి రాసినం, గీత తప్పింది. అంటే ఆమె బాకీ 13,000 కాదు, 7,800. ఆమె రెండు నెలల పైసలు కట్టి కూడా కట్టలేదనిపించుకున్నది. బోరింగు కాడ ఆ మాట అన్నది మేమే.

ఇంకొకటి కూడా బయటపడ్డది. లీడర్లం ఇద్దరం సంఘం పొదుపుల నుంచి తీసుకున్న అప్పుకు మూడు నెలల నుంచి కట్టలేదు. మమ్ములను అడిగేటోళ్లు లేరు, ఎందుకంటే అడిగేటోళ్లం మేమే. పంచసూత్రాలు అందరికీ నేర్పినం గదా, నెల నెల మీటింగు, పొదుపు, అప్పు ఇచ్చుడు, వాపసు కట్టుడు, పుస్తకం రాసుడు. ట్రైనింగుల చార్టు మీద అయిదోది ఎప్పుడూ కిందనే ఉంటది, చదివేటప్పటికి భోజనాల టైమయితది.

అప్పుడు ఆ చెల్లె మొదటిసారి మాట్లాడింది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టి దుకాణంల పోసేదట. ఉప్పు, మిరపకాయలు ముందుగాల్నే అప్పు తెచ్చుకునేది. పువ్వు ఎంత పోసింది, ఎంత తీరింది అన్నది షావుకారుకే తెలుసు. వానాకాలంల అదే పువ్వు కావాల్నంటే ఎక్కువ ధర పెట్టి కొనుక్కునేది. "సంఘంల గూడ గంతే అనుకున్న" అన్నది. మేము ఏం అనలేదు, అనడానికి ఏం లేదు.

ఆ ఉగాది రోజే రేడియోల ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆదిలాబాదు అక్కలు ఇప్పపువ్వుతోని వంటకాలు చేస్తున్నరని చెప్పిండ్రు. ఉట్నూరుల ఆదివాసీ అక్కలు సంఘంగ కూడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్న సంగతి మనకు ముందే తెలుసు. సర్కారు బళ్లల్ల, హాస్టళ్లల్ల పిల్లలకు రక్తం తక్కువుంటే మంచిదని పెద్దలు చెప్తరు. మాకు మాత్రం లడ్డూ కన్నా వాళ్ల తక్కెడ మీద ఎక్కువ మనసు పోయింది. ఏరిన పువ్వును వాళ్లే తూకం వేసుకుంటరు, వాళ్లే రాసుకుంటరు.

తీర్మానం చింపేసినం. ఆ చెల్లెకు సంఘం పొదుపుల నుంచి 7,800 అప్పుగా ఇచ్చి ఏప్రిల్ మొదటి వారంల బ్యాంకు బకాయి కట్టినం. దాన్ని ఆమె నెలకు 650 చొప్పున 12 నెలల్ల కట్టాలె, వడ్డీ నూటికి రూపాయి. లీడర్లం ఇద్దరం మా మూడు నెలలది అదే రాత్రి ఇంటికి పోయి తెచ్చి కట్టినం. ఒకామె చెవుల కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చింది, ఆమె ఎవరో అడగకుండ్రి.

అందరూ సంతోషపడ్డరని చెప్తే అబద్ధమైతది. మార్చి 31 దాటిపోయింది. టైముకు కట్టిన సంఘానికే వడ్డీ రాయితీ అని మనకు తెలుసు, ఆ మూడు నెలల రాయితీ మా 12 మందికీ పోయింది. ఇద్దరు అక్కలు కోపంతోనే లేచిపోయిండ్రు. "మేము నడుములు పడిపోయేదాక బీడీలు చుట్టి ఒక్క నెల గూడ తప్పలేదు, మాకేమున్నది?" అన్నరు. వాళ్లు అడిగింది నిజమే. వాళ్లకు ఇంకా జవాబు ఇయ్యలేదు. ఈసారి సంఘం అప్పుల వాళ్లకే ముందు ఇద్దామని అనుకుంటున్నం, వచ్చే మీటింగుల పెడతం.

మరునాడు షీర్ ఖుర్మా తాగడానికి ముస్లిం అక్క ఇంటికి అందరం పోయినం. కోపమైన ఇద్దరు కూడా వచ్చిండ్రు. పుస్తకం ముచ్చట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు యాసంగి వడ్లు వస్తున్నయి. మన ఐకేపీ కేంద్రంల ఆ చెల్లెకు తేమ చూసే మిషను కాడ పని ఇచ్చినం. మొన్న ఒక పటేలు వడ్లల్ల తేమ 17 దాటితే, "ఇంకొక్క దినం ఎండబెట్టుకో కాకా" అని రాసి మరీ చూపించిందట. ఏప్రిల్ 650 కట్టింది. మే నెలది ఇంకా రావాలె.

ఇంక మా టైము అయిపోయినట్టున్నది, అధ్యక్షురాలు గడియారం చూస్తున్నది. మా పుస్తకం వెంట తెచ్చినం, ఆ పచ్చ సంచిల ఉన్నది. గీత తప్పిన పేజీ చూడాల్నంటే అన్నాలు తిన్నంక రాండ్రి. మీ పుస్తకాలు కూడా తెచ్చుకుంటే ఒకరిది ఒకరం చదువుదాం.