బేస్‌బాల్ మైదానంలో కృతజ్ఞత

బేస్‌బాల్ ఆటను మైదానంలో కూర్చొని చూడడంలోని ఆనందానికి ఒక ముఖ్య కారణం, తొమ్మిది ఇన్నింగ్స్‌గా, అంటే ఇరుజట్లూ చెరొకసారి బ్యాటింగ్ చేసే తొమ్మిది విడతలుగా సాగే ఆ ఆటకు ఫుట్‌బాల్‌కు ఉన్నటువంటి నిర్ణీత కాలపరిమితి లేకపోవడమే. 2023లో అమెరికా మేజర్ లీగ్, బంతి విసిరే పిచర్‌కు గడియారపు గడువు విధించినప్పటికీ, బంతికీ బంతికీ నడుమ కుటుంబ సభ్యులు మాట్లాడుకొనేందుకు, వేరుశనగ కాయలు ఒలుచుకొనేందుకు వ్యవధి మిగిలే ఉంది.

ఈ ఆటకూ ఇంటివారి పట్ల కృతజ్ఞతకూ గల బంధం 1939 జూలై 4న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో స్పష్టంగా వ్యక్తమైంది. వరుసగా 2,130 ఆటలు ఆడిన లూ గెరిగ్, కండరాలను నడిపే నాడీకణాలను క్షీణింపజేసే ఏఎల్‌ఎస్ వ్యాధి బారిన పడి ఆట నుంచి తప్పుకొన్న ఆ సందర్భంలో చేసిన ప్రసంగంలో, తన పరుగుల లెక్కలను పక్కన పెట్టి, బిడ్డ చదువు కోసం జీవితమంతా శ్రమించే తల్లిదండ్రులను, ధైర్యంగా నిలిచిన భార్యను, దంపతుల చిన్నపాటి తగవులలో సొంత కూతురిని కాదని అల్లుడి పక్షం వహించే అత్తగారిని, చివరకు మైదానాన్ని చదును చేసే పనివారిని సైతం తలచుకొన్నారు. క్రీడాకారుల వీడ్కోలు ప్రసంగాలలో అత్తగారికి చోటు దక్కడం అరుదు. ఆ ప్రసంగంలో అత్యంత సహజమైన మాట బహుశా అదే. 1941 జూన్ 2న, 37 ఏళ్ల వయసులో గెరిగ్ మరణించారు. ఆ వ్యాధిని అమెరికాలో నేటికీ ఆయన పేరుతో పిలుస్తున్నారు.