ఒడ్డున నున్నవారి ధర్మము



సముద్ర చరిత్ర అనగానే మనకు యుద్ధనౌకలు, క్రొత్త దేశములు కనుగొన్న నావికులు జ్ఞాపకమునకు వత్తురు. ఈ సాయంకాలము మేము పగిలిన ఓడలను గూర్చి మాటలాడ దలచితిమి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినప్పుడు అందులోని సరకు ఎవరిది? ఈ ప్రశ్నకు మన తెలుగు తీరము 750 సంవత్సరములకు పైగా క్రిందటనే జవాబు చెప్పినది.

మన తీరమునకు ఓడలు క్రొత్తవి కావు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథమొకటి మసాలియా తీరమున నేసిన సన్నని నూలు బట్టలను పేర్కొన్నది. అయితే ఇసుక తీరమగుటచేత చాలచోట్ల పెద్ద ఓడలు దూరముననే లంగరు వేసికొనెడివి. చిన్న పడవలు సరకును ఒడ్డుకు చేర్చెడివి. తుఫానులో లంగరు తెగినచో ఓడకు ఆశ్రయము లేదు.

ఆ కాలమున ఓడకు గాలివానయే గాక, ఒడ్డు కూడ ప్రమాదమే. పగిలిన ఓడలోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సమస్తమును రాజులు బలవంతముగా తీసికొనెడివారు. ప్రాణము దక్కినవాడు కట్టుబట్టలతో నిలువవలసినదే.

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1244లో ఈ ఆచారమును మాన్పించెను. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో ఆయన వేయించిన అభయ శాసనము నేటికిని ఉన్నది. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమునకు తెగించిన వర్తకులకు, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుదుమని ఆయన మాట ఇచ్చెను. సుంకము ముప్పదింట ఒక వంతు. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, పట్టు, పగడములు, మిరియములు మొదలగు సరకుల పేర్లు అందు వ్రాయబడియున్నవి. దయ చూపిన రేవునకే ఓడలు వచ్చునని ఆ రాజు ఎరుగును గాబోలు! దయయు లాభమును ఒక్క రాతిమీద కలిసికొన్నవి.

తరువాత 31 సంవత్సరములకు, 1275లో, ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు రాజు ఒక చట్టము చేసెను. పగిలిన ఓడనుండి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణముతో బయటపడినచో అది దిక్కులేని సొత్తు కాదు. సొంతదారుడు సంవత్సరము మీద ఒక దినములోగా వచ్చి అడిగినచో ఇచ్చివేయవలెను. ఒకరినొకరు ఎరుగని రెండు దేశములు ఒకే న్యాయమునకు వచ్చుట ఎంత ఆశ్చర్యము! పౌలు ఎక్కిన ఓడ మెలితే ద్వీపమున పగిలినప్పుడు 276 మందికి చలిమంట వేసిన ద్వీపవాసులకు ఏ చట్టమును అవసరము కాలేదు.

1982 నాటి అంతర్జాతీయ సముద్ర ఒడంబడిక, సముద్రములో ఆపదనున్న వారెవరినైనను ఆదుకొనుట ఓడ నాయకుని విధిగా చేసినది. అయినను బాధ తీరలేదు. 2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు సరిహద్దు దాటిరని పాకిస్తానులో పట్టుబడిరి. నీటిమీద గీత కనబడునా? వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ పదునాలుగు మాసములు వారి ఇండ్లలో పొయ్యి ఎట్లు వెలిగినదో ఆ తల్లులనే అడుగవలెను.

రాజులను, ప్రభుత్వములను తప్పుపట్టుట సులభము. మా సంఘములో ఒక సహోదరుని పడవ తుఫానుకు కొట్టుకొనిపోయి వేరొక ఊరి ఒడ్డున పడినది. అతడు వెదకికొనుచు చేరునప్పటికి ఇంజను లేదు, వల లేదు. "సముద్రమిచ్చినది" అనిరట. మేమును ఆ ఊరివారిపై కోపపడితిమి. ఆ ఆదివారమే మా ప్రార్థనా మందిరములో వెనుక బల్లమీద చేయి వేయగా, దాని అంచున పడవ పలకలకు తాడు కుట్టిన రంధ్రములు కనబడినవి. పెద్దలను అడిగితిమి. చాలకాలము క్రిందట ఒడ్డున దొరికిన పలకయట. ఎవరిదని ఎవరును విచారింపలేదట!

ఆ బల్లను తీసివేయలేదు. దానిమీద కూర్చుండి సంఘపెద్దలు ఒక తీర్మానము చేసిరి: ఇకమీదట మన ఒడ్డున ఏది పడినను దాని గుర్తులు, సంఖ్య వ్రాసికొని, ఇరుగుపొరుగు పల్లెలకు కబురు పంపి, సొంతదారుని కొరకు భద్రపరచవలెను. గడువు ఎంతయని ఒకరు అడిగిరి. సంవత్సరము మీద ఒక దినము అని చెప్పితిమి.