ఉప్పు బొంగు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట మోయలేక ఈ ఉప్పు బొంగు పట్టుకొచ్చాం. జానెడు పొడుగు, పైన మూత, తగిలించడానికి అడ్డతీగ నార. మన ఊరి పేరులో ఉన్న తీగే.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. హాస్టల్ తెరిచేటప్పుడు పిల్లలు తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితా రాస్తాం. అందులో ఏళ్ల తరబడి 'ప్లాస్టిక్ లేదా స్టీలు డబ్బా' అని రాశాం. ఒక ఏడాది ఆరో తరగతి పాప వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన కారప్పొడి బొంగుని ట్రంకుపెట్టె వెనక దాచింది. ఎందుకమ్మా అంటే, "జాబితాలో లేదు కదా మేడమ్" అంది. మాకు నోట మాట రాలేదు. బొంగులోంచి ఉప్పు తీసి పెరిగిన చేతులే ఆ జాబితా రాశాయి.

ఆ సెలవుల్లో ఇంటి వసారాలో పెద్దమామ దగ్గర కూర్చున్నాం. టీచర్ ట్రైనింగ్ చదివాం, ఇదెంత పని అనుకున్నాం. దొరికిన వెదురు కోసి, ఆ రోజే మూత బిగించి, ఎండలో పెట్టాం. సాయంత్రానికి పగిలింది. రెండోది పగల్లేదు గానీ నెల తిరిగేసరికి కింద సన్నటి పిండి రాలింది. పుప్పి పట్టింది. "ఏడాది పిల్లని కోశావమ్మా, మూడేళ్లయినా నిండాలి" అన్నాడు మామ.

లేత బొంగుకి పొరలు అంటుకుని ఉంటాయి, ఒంటి మీద తెల్లటి బూడిద కనిపిస్తుంది. ముదిరినదాన్ని కత్తి వీపుతో కొడితే గట్టిగా మోగుతుంది. గోడ మందంగా ఉన్నది చూసి చలికాలంలో కోయాలి. వెదురులో ఉండే పిండి పదార్థమే పురుగుకి తిండి. వాగులో రాళ్లు పెట్టి రెండు మూడు వారాలు ముంచితే అది చాలావరకు నీళ్లలోకి పోతుంది. మనవాళ్లు సైన్సు పుస్తకం చూసి చేసిన పని కాదిది. తర్వాత పైపచ్చ గీకి నీడలో ఆరబెట్టాలి. ఆరేటప్పుడు వెదురు కుంచించుకుంటుంది కాబట్టి పూర్తిగా ఆరాకే మూత పని.

కింది కణుపే అడుగు. పై కణుపుకి రెండు వేళ్ల కింద కోస్తే ఆ ముక్కే మూత. డబ్బా అంచుని బయటనుంచి, మూత అంచుని లోపలనుంచి పలచన చేస్తే ఒకదాంట్లో ఒకటి దిగుతాయి. ఉప్పు కాగితంతో రుద్ది (పేరు కూడా కలిసొచ్చింది) పొయ్యి మీది అటకలో పొగ పట్టించాలి. లోపల వార్నిష్ వద్దు. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో వానాకాలం బూజు పడుతుంది, ఆ మాట దాచం. అప్పుడప్పుడు నిప్పు సెగ చూపించాలి.

వెదురు కోస్తే కేసు పెడతారని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామసభ 2011లో తన వెదురుని తానే అమ్ముకునే అధికారం సాధించుకుంది. మన గ్రామసభల్లో ఈ మాట ఎత్తాల్సింది చదువుకున్న మీరే.

జాబితాలో ఇప్పుడు 'మూత ఉన్న డబ్బా' అని మాత్రమే రాస్తున్నాం. అంచు పని మాత్రం మాకింకా కుదరలేదు. స్కేలు, పెన్సిలు పెట్టినా మూత వదులే. మామ కొలవడు, వేలితో తడిమి చెక్కుతాడు. ఆయన కళ్లకి శుక్లాలు వచ్చాయి. ఈ చలికి కోసిన పది బొంగులు వసారాలో ఆరుతున్నాయి. వేసవి సెలవుల్లో కత్తి తెచ్చుకుని రండి.