మోటారు పడవకు నాడి



కాకినాడ తీరమునందును, కోరంగి మడ అడవుల నడుమ పారు కాలువలయందును, వెనుకకొనకు మోటారు తగిలించిన పడవలు పోవుట మీలో పలువురు చూచియే యుందురు. వానిలో గాలితో చల్లబడు ఇంజనులు కొన్ని, నీటితో చల్లబడునవి కొన్ని. ఈ రెండవ రకమైన అవుట్‌బోర్డు మోటారు ప్రక్కనుండి చిటికెనవ్రేలి కన్న సన్ననైన నీటిధార యొకటి ఎడతెగక చిమ్ముచుండును. ఒడ్డున నిలుచున్నవారికి అది వేడుక. పడవ నడుపువానికి మాత్రము అది రోగి చేతినాడి వంటిది. ఆ ధార యేల వచ్చును, ఏల ఆగును, ఆగకుండుటకు ఏమి చేయవలెను అను విషయములను నేడు మనవి చేయదలచినాము.

మోటారుకారు తన్ను చల్లార్చు నీటిని రేడియేటరులో తానే మోసికొని పోవును. పడవ మోటారుకు ఆ బరువు లేదు. దానికి ఏరే తొట్టి, సముద్రమే తొట్టి. నీటిలో మునిగియుండు మోటారుకాలికి ప్రొపెల్లరు దాపున సన్నని జాలీ యుండును. దాని వెనుక ఇంపెల్లరు అను రబ్బరు చక్రము తిరుగుచు నీటిని పీల్చి పైకి త్రోయును. ఆ నీరు సిలిండరుల చుట్టు తిరిగి, వేడిని గ్రహించి, పొగతో కూడి క్రిందనుండి మరల నీటిలో కలియును. అందలి స్వల్పభాగమును మాత్రము నడుపువాని కంటికి కనబడునట్లు ప్రక్కరంధ్రమునుండి వెలుపలికి వదలుదురు. మనము చూచు ధార యిదియే. పంపు పనిచేయుచున్నదని చెప్పు సాక్షి యది.

అయితే ఆ తొట్టిలోని ఇసుక, ఒండ్రు, ఉప్పు, నాచు సమస్తమును నీటితోపాటు యంత్రము కడుపులోనికి పోవును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ధార ఆగుటకు కారణములు ముఖ్యముగా అయిదు. మొదటిది, జాలీకి ప్లాస్టిక్ సంచియో, నాచో, గుర్రపుడెక్క వేరో చుట్టుకొనుట. రెండవది, లోతు చాలనిచోట మోటారుకాలు అడుగును ఒరయగా ఇసుకయు ఒండ్రును లోనికి పోవుట. మూడవది ఉప్పు. ఒక లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. వేట ముగించి మోటారును అట్లే వదలివేసినచో లోపల మిగిలిన నీరు ఆరిపోయి ఉప్పు పేరుకొనును. ఒకనాటి పొర కంటికి కనబడదు. నూరు దినముల పొర గొట్టమును మూసివేయును. నాలుగవది, రబ్బరు చక్రము రెక్కలు అరిగి విరుగుట. విరిగిన తునకలు నీటితో కొట్టుకొనిపోయి సన్నని దారులలో ఇరికికొనును.

అయిదవది వినుటకు వింతగా నుండును. మన తూర్పుతీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషేధింపబడును. ఆ రెండు మాసములు మోటారులు ఒడ్డుననే యుండును. అప్పుడు మట్టితో గూడు కట్టు కందిరీగ ఆ సన్నని రంధ్రమును తన బిడ్డలకు తగిన గృహమని యెంచి దానిని మట్టితో నింపును. ఎండిన ఆ మట్టి రాయివలె గట్టిపడును.

ఈ సందర్భమున మా అనుభవ మొకటి చెప్పక తప్పదు. ఒకనాటి మధ్యాహ్నము కోరంగి కాలువలో మేము పోవుచుండగా ధార ఆగినది. రంధ్రము పూడినదని తలచి ఇనుపతీగ నొకదానిని లోనికి గ్రుచ్చితిమి. కొంత ఒండ్రు రాలినది. బలహీనముగా ధార వచ్చినది. సంతోషించి సాగిపోతిమి. అరగంట గడవకమునుపే మోటారు బిగిసిపోయినది. అది పోటు తీయుచున్న సమయము. నీటివాలున పడవ కడలివైపునకు కొట్టుకొనిపోసాగినది. చీకటిపడువేళకు వేరొక పడవవారు త్రాడు విసరి మమ్ము ఒడ్డునకు చేర్చిరి. మరునాడు మోటారు విప్పిచూడగా రెండు సంగతులు బయటపడినవి. చక్రము రెక్కలు అంతకుముందే విరిగియున్నవి. మేము గ్రుచ్చిన తీగ లోపలి రబ్బరు గొట్టమునకు చిల్లిపెట్టినది. రోగము పంపులో నుండగా మేము మందు రంధ్రమునకు వేసితిమి.

కావున ధార ఆగినచో చేయవలసినది క్రమముగా చెప్పెదము. వెంటనే వేగము తగ్గించి మోటారు నాపవలెను. ప్రవాహ మున్నచో లంగరు వేయవలెను. మోటారుకాలును పైకెత్తి జాలీకి చుట్టుకొన్నదానిని తీసివేయవలెను. పెక్కుమార్లు పని ఇంతటితోనే ముగియును. అప్పటికిని ధార రానియెడల మోటారు మరల ఆపి, గాలమునకు కట్టు నైలాను దారమును రంధ్రములోనికి మెల్లగా పోనిచ్చి త్రిప్పవలెను. నైలాను వంగును గాని గొట్టమును చీల్చదు, ఇనుపతీగ చీల్చును. దారము అడ్డులేక పోయినను ధార రాకున్నచో తప్పు రంధ్రమున లేదు, పంపులో గాని లోపలి దారిలో గాని యున్నదని గ్రహింపవలెను. అట్టి మోటారుతో ముందుకు పోరాదు. తెడ్డుతోనో, వేరొక పడవ సాయముతోనో ఒడ్డు చేరవలెను. కాగిన యంత్రముపై చన్నీళ్లు గ్రుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును.

మరియొక హెచ్చరిక. ధార యున్నంతమాత్రమున అంతయు క్షేమమని తలపరాదు. వేడినిబట్టి నీటిదారిని తెరచుచు మూయుచుండు థర్మోస్టాటు బిగిసినచో, కొన్ని మోటారులలో ధార వచ్చుచుండగానే యంత్రము కాగిపోవును. ధార మిక్కిలి వేడిగా నున్నను, ఆవిరి కనబడినను, హెచ్చరికగంట మ్రోగినను మోటారు నాపవలసినదే.

ఇక రాకుండ కాచుకొను ఉపాయములు సులభమైనవి. ఉప్పునీటినుండి వచ్చిన ప్రతిదినము మోటారుకాలును మంచినీటి పీపాలో, జాలీ పూర్తిగా మునుగునట్లు నిలిపి, గేరు వేయకుండ సుమారు 10 నిమిషములు మెల్లగా నడపవలెను. ఈ పని ఆరుబయటనే చేయవలెను; దాని పొగ ప్రాణాంతకము. పిమ్మట మోటారును నిటారుగా నుంచి లోపలి నీరంతయు కారిపోనీయవలెను. నీరులేక మోటారును నడపరాదు. ‘ఒక్కమారు లాగి చూతము’ అని ఒడ్డున త్రాడు లాగువారు కలరు. రబ్బరు రెక్కలకు నీరే కందెన. అది లేనిచో క్షణములలో అవి కమిలిపోవును. మోటారుతో నిచ్చిన పుస్తకమున చెప్పిన గడువుకు చక్రమును మార్పవలెను. విరిగిన చక్రము చేతికి వచ్చినచో తునకలను లెక్కించి, లోపించినవానిని వెదకి తీయవలెను. నిషేధకాలమున రంధ్రమునకు ఎఱ్ఱగుడ్డ చుట్టి కట్టినచో కందిరీగ చొరదు. వేటకు పోవునాడు ఆ గుడ్డ విప్పుట మరపురాదు.

ఈ మాటలు పడవవారికే గదా, మాకేమి అని గృహస్థులు తలపవచ్చును. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు వీథులను ముంచినది. అట్టి వేళల మేడమీద చిక్కుకొన్న ముసలివారికిని పసిబిడ్డలకును దిక్కు మోటారుపడవలే. వీథిలోని వరదనీటిలో తేలునది మనము పారవేసిన ప్లాస్టిక్ సంచులే. ఒక్క సంచి జాలీకి చుట్టుకొన్నచాలును, నడివీథిలో పడవ నిలిచిపోవును. కావున కాలువలో సంచి పారవేయకుండుట కూడ ఆ ధారను కాపాడుటయే.

వైద్యుడు ముందుగా రోగి నాడి చూచును. అట్లే మోటారు కదలించిన వెంటనే వెనుకకు తిరిగి ఆ ధార నొకమారు చూచుట, దారిలో అప్పుడప్పుడు మరల చూచుట పడవవారికి అలవాటు కావలెను. దీనికి ఖర్చు లేదు, శ్రమ లేదు. ఇల్లు చేరవలెనను కోరిక యొక్కటి చాలును.