మంచం చూసుకునే ముందు మెట్లు చూసుకుందాం
(మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

 

పొదుపు గురించి, లింకేజీ లోన్ల గురించి ముందు మాట్లాడిన అక్కలు బాగా చెప్పినారు. నేను ఆసుపత్రిలో అగ్గి ప్రమాదం గురించి చెప్పాలని లేచాను. ఇందులో నా తప్పు కూడా ఉండాది, అందుకే కొంచెం బెరుకుగా ఉంది.

రెండేళ్ల కింద మా చెల్లెల్ని కాన్పుకి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. పెద్దాపరేషన్ అయింది. రెండో అంతస్తులో గది. రాత్రి చెల్లెలికి ఒళ్లు తుడవడానికి వేడినీళ్లు కావాలని, ఇంటి నుంచి తీసుకుపోయిన కాయిల్ హీటరు బకెట్లో పెట్టి స్విచ్చి వేశాను. ఆ బోర్డుకే రెండు ఫోన్లు, ఒక టేబుల్ ఫ్యాను. కాసేపటికి వైరు కాలిన వాసన, బోర్డులోంచి పొగ. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపేసింది కాబట్టి మంట అంటుకోలేదు.

కానీ చీకటి అయిపోయింది. అందరూ బయటకి పరుగు. లిఫ్టు పనిచెయ్యలేదు. ముందు మెట్ల మీద జనం తోపులాట. వెనక మెట్లకి పోతే గ్రిల్లుకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది, ఆయన టీకి పోయినాడు. కుట్లు పడిన చెల్లెలు గోడ పట్టుకుని నిలబడింది, పసిబిడ్డ నా చేతిలో. ఆ రాత్రంతా తాళం వేసినోళ్లని తిట్టుకున్నాను. తెల్లారాక ఆలోచిస్తే, పొగ పుట్టించింది నేనే కదా! దారి మూసింది వాళ్లు. ఈ రెండూ కలిస్తేనే అక్కా, ప్రాణాలు పోయేది.

పోయినాయి కూడా. కరోనా టైములో విజయవాడలో స్వర్ణ ప్యాలెస్ హోటల్‌ని కోవిడ్ కేంద్రంగా పెట్టారు. 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున అక్కడ మంటలు లేచి 10 మంది చనిపోయారు. కలకత్తాలో ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో 2011 డిసెంబరు 9న కింద సెల్లార్లో అంటుకుంది. ఏసీ గొట్టాల్లో నుంచి పొగ పై వార్డులకి ఎక్కి 90 మంది దాకా పోయారు. ఎక్కువమంది కాలి కాదు, పొగకి ఊపిరాడక చనిపోయారు. పక్క బస్తీవాళ్లు సాయానికి వస్తే మొదట కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదని ఆ బస్తీవాళ్లే చెప్పారు.

విశాఖపట్నంలో 2023 డిసెంబరు 14న ఇండస్ ఆసుపత్రిలో మంటలు లేచాయి. సుమారు 40 మంది రోగుల్ని బయటకి తెచ్చారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అంటే కాపాడుకోవచ్చు.

తుపాను వస్తుందంటే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కృష్ణపట్నం రేవులో నంబరు ఎత్తారంటే ముసలోళ్లని, పిల్లల్ని షెల్టరుకి చేర్చడం, పడవలు పైకి లాగడం మనకి తెలుసు. తుపాను చెప్పి వస్తుంది, నిప్పు చెప్పి రాదు. కాబట్టి ముందే చూసుకోవాలి.

ఆసుపత్రిలో చేరగానే మెట్లు రెండు పక్కలా ఎక్కడున్నాయో చూడండి. మన గది నుంచి మెట్లకి ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు కనపడవు, గోడ తడుముకుంటా పోవాలి. లిఫ్టు ఎక్కొద్దు. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకుని వంగి, అవసరమైతే పాకి పోండి. పొగ పైకి పోతుంది, నేల దగ్గరే గాలి ఉంటుంది. వచ్చేటప్పుడు తలుపు మూసి రండి, పొగ వెనకే ఆగుతుంది. నడవలేని రోగిని దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు లాగొచ్చు. కరెంటు మంట మీద నీళ్లు పొయ్యొద్దు. గోడకున్న ఎర్ర సిలిండరు పిన్ను లాగి, మంట అడుగుకి కొట్టాలి. ఫైరింజనుకి 101, అంబులెన్సుకి 108.

హీటర్లు, కరెంటు స్టవ్వులు వార్డులోకి తీసుకుపోవద్దు. ఆక్సిజన్ పెట్టిన చోట అగరొత్తి, దీపం, బీడీ ఏదీ వెలిగించొద్దు. బిడ్డకి దిష్టి తీసి కర్పూరం వెలిగించాలంటే ఇంటికి పోయాకే.

చివరిగా ఒక కోరిక. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు మన పీహెచ్‌సీకి పోయి మూడు సంగతులు అడగండి: వెనక తలుపు తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది? ఎర్ర సిలిండరు తేదీ దాటిపోయిందా? ఫైరు వాళ్లని పిలిచి మాక్ డ్రిల్లు ఎప్పుడు చేశారు? కొట్లాటగా కాదు, మన ఆసుపత్రి అనుకుని అడగండి. జవాబు సంఘం తీర్మానం పుస్తకంలో రాయండి. వచ్చే మహాసభలో చదువుకుందాం.

మా చెల్లెలి బిడ్డ ఇప్పుడు పరుగులు పెడతా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ తాళం గుర్తొస్తుంది, నా హీటరు కూడా గుర్తొస్తుంది.